కార్యదక్షుడు విశ్వేశ్వరయ్య

(ఉద్దేశం : పదవి ఇచ్చే అధికారం పదవితోనే పోతుంది. వ్యక్తిత్వం, పరస్పర విశ్వాసం సంపాదించి పెట్టిన గౌరవం పదవి పోయిన తరువాత కూడా నిలుస్తుంది. ఈ సత్యాన్ని ఒక మహనీయుని జీవితం ద్వారా విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.)

ఏ కార్యాలయంలోనైనా పెద్ద కుర్చీ ఒకటే ఉంటుంది. ఆ కుర్చీలో ఇవాళ ఒకరు కూర్చుంటారు, రేపు మరొకరు కూర్చుంటారు. కొందరు కూర్చున్నప్పుడు పనులు చకచకా సాగిపోతాయి. మరికొందరు కూర్చున్నప్పుడు అవే బల్లలు, అవే ఫైళ్లు, ఆ గుమాస్తాలే ఉన్నా ఏ పనీ కదలదు. ఈ తేడా ఎక్కడి నుండి వస్తుంది? ఉత్తర్వు మీద చేసే సంతకం ఎవరిదైనా ఒకటే. ఆ సంతకం వెనుక ఉన్న మనిషి ఎలాంటివాడు, పైవారికీ కిందివారికీ అతని మీద ఎంత నమ్మకం ఉంది అన్నదాన్ని బట్టి పని సాగుతుంది. మోక్షగుండం విశ్వేశ్వరయ్య జీవితం ఇందుకు చక్కని ఉదాహరణ.

కర్ణాటకలో చిక్కబళ్లాపురం సమీపాన, నందికొండలకు దగ్గరలో ముద్దేనహళ్లి అనే చిన్న పల్లె ఉంది. 1861 సెప్టెంబరు 15న విశ్వేశ్వరయ్య అక్కడ జన్మించారు. తండ్రి శ్రీనివాసశాస్త్రి సంస్కృత పండితుడు. తల్లి వెంకటలక్ష్మమ్మ. వీరి పూర్వులు ఆంధ్రదేశంలో గిద్దలూరు ప్రాంతానికి చెందిన మోక్షగుండం గ్రామం నుండి మైసూరు సీమకు తరలివెళ్లిన తెలుగువారు. ఊరు వదిలి తరాలు గడిచినా ఊరి పేరు ఇంటిపేరుగా నిలిచిపోయింది. తెలుగునాటికి వెలుపల స్థిరపడిన కుటుంబాలలో ఇలాంటి ఇంటిపేర్లు నేటికీ ఎన్నో కనిపిస్తాయి.

చిన్నతనంలోనే తండ్రి మరణించడంతో కుటుంబం ఇబ్బందుల పాలైంది. చిక్కబళ్లాపురంలో ప్రాథమిక విద్య ముగించుకొని విశ్వేశ్వరయ్య బెంగుళూరు చేరారు. ఒక కొడగు కుటుంబంలోని పిల్లలకు పాఠాలు చెబుతూ, ఆ వచ్చిన డబ్బుతో సెంట్రల్ కళాశాలలో చదువుకున్నారు. 1881లో బి.ఏ. పట్టం పొందారు. తరువాత మైసూరు ప్రభుత్వం ఇచ్చిన విద్యార్థి వేతనంతో పూనాలోని సైన్సు కళాశాలలో ఇంజనీరింగు చదివి, 1883లో జరిగిన తుది పరీక్షలో మొదటివాడుగా నిలిచారు. మరుసటి సంవత్సరం బొంబాయి ప్రభుత్వ ప్రజాపనుల శాఖలో సహాయ ఇంజనీరుగా ఉద్యోగం లభించింది.

ఉద్యోగంలో చేరిన కొత్తలోనే ఆయనకు ఒక పరీక్ష ఎదురైంది. ఖాందేశ్ ప్రాంతంలో పాంజరా నది మీదుగా నీటిని దాటించడానికి గొట్టాల నిర్మాణం చేపట్టవలసి వచ్చింది. పని సగంలో ఉండగా వర్షాలు మొదలయ్యాయి. నది పొంగింది. ఇసుక, రాళ్లు కొట్టుకొని వచ్చి చేసిన పనిని చెడగొట్టసాగాయి. వానలు తగ్గేదాకా పని ఆపితే మంచిదని విశ్వేశ్వరయ్య పై అధికారికి వ్రాశారు. ఆ అధికారికి ఈ సూచన నచ్చలేదు. కొత్తగా చేరిన కుర్రవాడు పని తప్పించుకోవడానికి సాకులు వెతుకుతున్నాడని భావించి, మందలిస్తూ జవాబు వ్రాశాడు.

అటువంటి ఉత్తరం అందుకున్నప్పుడు యువకుడైన ఉద్యోగి ఏం చేస్తాడు? కోపం తెచ్చుకొని వాదానికి దిగవచ్చు. లేదా మనస్సు చిన్నబుచ్చుకొని పనిని ఏదో విధంగా నెట్టివేయవచ్చు. విశ్వేశ్వరయ్య ఈ రెండూ చేయలేదు. కష్టం ఉన్నదని చెప్పడం తన బాధ్యత, చెప్పారు. ఆజ్ఞ వచ్చిన తరువాత పని చేయడం తన విధి, చేశారు. వర్షంలో, వరదలో కూలీలతో పాటు నిలబడి ఆ నిర్మాణాన్ని పూర్తి చేశారు. పని చూసిన తరువాత పై అధికారి తన మాటను వెనక్కు తీసుకొని ఆయనను మెచ్చుకున్నాడు. ఆ ఉద్యోగిలో ఇంతకు ముందు ఉన్న అనుమానం పోయి నమ్మకం ఏర్పడింది. ఉద్యోగ జీవితంలో ఆయన సంపాదించిన మొదటి ఆస్తి ఇదే అని చెప్పవచ్చు.

తరువాతి ఇరవై ఏళ్లలో ఆ ఆస్తి పెరుగుతూ వచ్చింది. సింధు ప్రాంతంలోని సుక్కూరు పట్టణానికి మంచినీరు కావలసి వచ్చింది. నీటిని వడకట్టే తొట్టెలు కట్టడానికి పురపాలక సంఘం వద్ద డబ్బు లేదు. విశ్వేశ్వరయ్య నదీగర్భంలోనే బావి త్రవ్వించి, ఇసుక పొరల గుండా వడకట్టబడి వచ్చే నీటిని పట్టణానికి అందించారు. ఆ పథకం 1895లో పూర్తయింది. పూనా సమీపంలోని ఖడక్‌వాస్లా జలాశయానికి, నీటిమట్టం ఒక హద్దు దాటగానే తమంతట తామే తెరచుకొనే గేట్లను రూపొందించారు. 1903లో వాటిని అమర్చారు. ఆనకట్ట ఎత్తు పెంచకుండానే ఎక్కువ నీటిని నిలువచేయడానికి ఈ గేట్లు ఉపయోగపడ్డాయి. ఈ కల్పన మీద తనకు హక్కు ఉన్నప్పటికీ, ప్రభుత్వ ఉద్యోగిగా ఉంటూ దానిపై ప్రభుత్వం నుండి రుసుము తీసుకోవడానికి ఆయన అంగీకరించలేదు.

దక్కన్ ప్రాంతంలో కాలువ నీటిని పంటలకు పంచే విషయంలో ఆయన కొత్త పద్ధతి ఒకటి ప్రవేశపెట్టారు. భూములను ఖండాలుగా విభజించి, వంతుల ప్రకారం పంటలు వేయించి, అందరికీ నీరు అందేలా చూడడం ఆ పద్ధతి. మొదట రైతులు దానిని వ్యతిరేకించారు. కాగితం మీద ఉత్తర్వు జారీ చేసి ఊరుకొంటే అది అమలయ్యేది కాదు. విశ్వేశ్వరయ్య రైతులను కలుసుకొని, వారి అనుమానాలు విని, లెక్కలు చూపి ఒప్పించారు. కిందివారిని ఒప్పించనిదే పైవారి ఆజ్ఞ ఫలించదని ఆయన అక్కడ తెలుసుకున్నారు.

పూనాలో ఉన్న కాలంలో మహాదేవ గోవింద రనడే, గోపాలకృష్ణ గోఖలే వంటి పెద్దలతో ఆయనకు స్నేహం కలిగింది. దేశం బాగుపడాలంటే ఉద్యోగి తన బల్ల వద్ద ఉన్న ఫైలుకు ఆవలి వైపు కూడా చూడాలన్న భావం ఈ స్నేహం వల్ల ఆయనలో బలపడింది.

శాఖలో ఆయన తనకంటే ముందు చేరిన పలువురిని దాటి త్వరత్వరగా పై పదవులకు వెళ్లారు. ప్రతిభకు గుర్తింపు రావడం మంచిదే. కాని వెనుకబడిన సహోద్యోగులకు అది కంటగింపుగా మారడమూ సహజమే. పైగా ఆనాటి బ్రిటిషు పాలనలో ముఖ్య ఇంజనీరు పదవి భారతీయునికి దక్కే ఆశ లేదు. ఎంత సామర్థ్యం ఉన్నా తనకు ఒక మెట్టు పైన తలుపు మూసి ఉన్నదని విశ్వేశ్వరయ్య గ్రహించారు. ఎవరినీ నిందించలేదు, ఎవరినీ ప్రాధేయపడలేదు. 1908లో ఉద్యోగం నుండి విరమించుకున్నారు. పూర్తి పించనుకు కావలసిన కాలం నిండకపోయినా ప్రభుత్వం ఆయన సేవలను గుర్తించి ప్రత్యేకంగా పూర్తి పించను మంజూరు చేసింది.

ఆ తరువాత ఆయన విదేశయాత్రకు బయలుదేరారు. 1908 సెప్టెంబరు 28న హైదరాబాదులో మూసీనది పొంగి వేలాది ప్రాణాలను బలి తీసుకుంది. విదేశాలలో ఉన్న విశ్వేశ్వరయ్యకు నిజాం ప్రభుత్వం నుండి పిలుపు వచ్చింది. 1909లో ఆయన హైదరాబాదు చేరి, మూసీనది పరీవాహక ప్రాంతాన్నంతా పరిశీలించారు. ఎగువన చెరువులు తెగడం వల్ల వరద ఉద్ధృతి పెరిగిందని గుర్తించారు. నగరానికి ఎగువన మూసీ మీద ఒకటి, దాని ఉపనది ఈసీ మీద ఒకటి జలాశయాలు కట్టాలని సూచించారు. ఆ సూచనల ఫలితంగా రూపొందినవే 1920లో పూర్తయిన ఉస్మాన్‌సాగర్, 1927లో పూర్తయిన హిమాయత్‌సాగర్. వరద నుండి రక్షణ కోసం కట్టిన ఆ చెరువులు తరువాత నగరానికి త్రాగునీరు కూడా ఇచ్చాయి.

ఇంతలో స్వస్థలమైన మైసూరు సంస్థానం ఆయనను ముఖ్య ఇంజనీరుగా రమ్మని పిలిచింది. పుట్టిన సీమలో పెద్ద పదవి వస్తే ఎవరైనా వెంటనే అంగీకరిస్తారు. విశ్వేశ్వరయ్య అలా చేయలేదు. రోజువారీ పనులు చూసే అధికారి కావాలంటే తాను అవసరం లేదనీ, సంస్థానాభివృద్ధికి పనికివచ్చే పెద్ద పనులు చేపట్టే అవకాశం ఉంటేనే వస్తాననీ తెలియజేశారు. మైసూరు ప్రభుత్వం అందుకు అంగీకరించింది. 1909 నవంబరులో ఆయన పదవి స్వీకరించారు.

అప్పుడు మైసూరును పాలిస్తున్న నాల్గవ కృష్ణరాజ ఒడయరు వయస్సు 25 సంవత్సరాలు. విశ్వేశ్వరయ్యకు 48 సంవత్సరాలు. ఒకరు రాజు, మరొకరు ఉద్యోగి. ఒకరు సంగీతం, కళల పట్ల ప్రీతి గల మితభాషి. మరొకరు గడియారం ముల్లుతో పాటు నడిచే ఇంజనీరు. స్వభావాలు వేరైనా, ప్రజలకు మేలు జరగాలన్న కోరిక ఇద్దరిదీ ఒకటే. వీరిద్దరి మధ్య ఏర్పడిన విశ్వాసమే తరువాతి తొమ్మిదేళ్లలో మైసూరులో జరిగిన అనేక పనులకు పునాది.

ఆ విశ్వాసానికి మొదటి పరీక్ష కావేరీ నది వద్ద వచ్చింది. కన్నంబాడి గ్రామం దగ్గర పెద్ద ఆనకట్ట కట్టాలని విశ్వేశ్వరయ్య ప్రతిపాదించారు. దానివల్ల మండ్య ప్రాంతంలో సుమారు లక్షన్నర ఎకరాలకు నీరు అందుతుంది. శివసముద్రం విద్యుత్కేంద్రానికి ఏడాది పొడవునా నీరు దొరుకుతుంది. అక్కడి నుండి 1902 నుండే కోలారు బంగారు గనులకు విద్యుత్తు సరఫరా అవుతూ ఉండేది. వేసవిలో నది ఎండితే గనుల యంత్రాలకు ఇబ్బంది కలిగేది. ఆనకట్టతో ఆ కష్టం తీరుతుంది. ఇవన్నీ ఆయన లెక్కలు కట్టి చూపించారు.

కాని ఖర్చు రెండున్నర కోట్ల రూపాయలకు పైగా ఉంటుందని అంచనా. ఆనాటి సంస్థానానికి అది చాలా పెద్ద మొత్తం. ఆర్థిక శాఖవారు భయపడ్డారు. దివాన్ ఆనందరావు కూడా సందేహించారు. వారి సందేహం దురుద్దేశంతో కలిగినది కాదు. ఖజానాకు కాపలా ఉన్నవారు అలా ఆలోచించడం సహజమే. అయితే ఫైలు కదలలేదు. విశ్వేశ్వరయ్య ఎవరి మీదా చాడీలు చెప్పలేదు. రాజును రహస్యంగా ఆశ్రయించలేదు. తాను వచ్చిన పని జరగనప్పుడు ఆ పదవిలో ఉండి ప్రయోజనం లేదని తలచి, వెళ్లిపోవడానికి సిద్ధపడ్డారు. ఆ సంగతి మహారాజుకు తెలిసింది. తొందరపడవద్దని ఆయన విశ్వేశ్వరయ్యకు చెప్పి, విషయాన్ని స్వయంగా పరిశీలించి, పథకానికి అనుమతి ఇచ్చారు. 1911లో నిర్మాణం మొదలైంది.

ఆనకట్ట విషయంలో మరొక చిక్కు కూడా వచ్చింది. కావేరీ నీటి విషయమై దిగువనున్న మద్రాసు ప్రభుత్వం అభ్యంతరం చెప్పింది. మొదట 80 అడుగుల ఎత్తు వరకే కట్టడానికి అనుమతి లభించింది. విశ్వేశ్వరయ్య మాత్రం పునాదిని పూర్తి ఎత్తుకు సరిపోయేంత వెడల్పుగా వేయించారు. పూర్తి అనుమతి రాకపోతే ఆ ఖర్చంతా వ్యర్థమయ్యేది. అంతటి బాధ్యతను నెత్తిన వేసుకోగలిగారంటే, వెనుక మహారాజు అండగా ఉన్నారన్న ధైర్యమే కారణం. రెండు ప్రభుత్వాల మధ్య వివాదం చాలాకాలం నడిచి, 1924లో ఒడంబడిక కుదిరింది. ఆ ఒడంబడిక వల్లనే మైసూరు తన ఆనకట్టను పూర్తి చేసుకోగలిగింది, మద్రాసు మెట్టూరు ఆనకట్టను కట్టుకోగలిగింది.

కన్నంబాడి వద్ద రోజూ వేలాది కూలీలు పనిచేసేవారు. సిమెంటు వాడకుండా, సున్నానికి ఇటుకపొడి కలిపిన సుర్కీతో రాతికట్టడం కట్టారు. అంతమంది కష్టంతో, మునిగిపోయిన గ్రామాల వారి త్యాగంతో ఆ ఆనకట్ట నిలిచింది. దానికి కృష్ణరాజసాగరం అని మహారాజు పేరు పెట్టారు. విశ్వేశ్వరయ్య మైసూరు ఉద్యోగం విడిచిన తరువాత కూడా పని కొనసాగి 1930ల ఆరంభానికి పూర్తయింది. పని చేసేవారు మారినా పని ఆగలేదు. ఒక మనిషి వెళ్లగానే కుప్పకూలేది మంచి వ్యవస్థ కాదు గదా!

1912 నవంబరులో మహారాజు విశ్వేశ్వరయ్యను దివానుగా నియమించారు. సంస్థానంలో రాజు తరువాత దివానే పెద్ద. ఆ పదవిని స్వీకరించే ముందు ఆయన బంధుమిత్రులను పిలిపించారు. తన పదవిని అడ్డం పెట్టుకొని ఎవరూ ఉద్యోగాల కోసం గాని, ఇతర లాభాల కోసం గాని సిఫారసులు అడగరాదని మాట తీసుకున్నారు. అలా మాట ఇస్తేనే పదవి స్వీకరిస్తానని చెప్పారు. ఇంటివారికి ఇది కష్టంగానే తోచి ఉంటుంది. మనవాడు పెద్దవాడైతే మనకు నాలుగు మెతుకులు దొరుకుతాయని ఆశించడం లోకసహజం. కాని ఒక బంధువుకు తలుపు తెరిస్తే వంద మంది అపరిచితులకు తలుపు మూసినట్లే అని ఆయన అభిప్రాయం. ప్రభుత్వ పని చేసేటప్పుడు ప్రభుత్వ దీపం, సొంత పని చేసేటప్పుడు సొంత దీపం వెలిగించేవారని ఆయన గురించి ఒక కథ నేటికీ ప్రచారంలో ఉంది. ఆయన నిజాయితీ పట్ల జనానికి ఎంతటి నమ్మకం ఉండేదో ఆ కథ తెలుపుతుంది.

దివానుగా ఉన్న ఆరేళ్లలో ఆయన చేసిన పనుల జాబితా పెద్దది. 1913లో మైసూరు బ్యాంకు ఏర్పడింది. నిర్బంధ ప్రాథమిక విద్యకు చట్టం వచ్చింది. 1916లో మైసూరు విశ్వవిద్యాలయం స్థాపించబడింది. బ్రిటిషు ఇండియాకు వెలుపల, స్వదేశీ సంస్థానంలో ఏర్పడిన మొదటి విశ్వవిద్యాలయం అదే. 1917లో బెంగుళూరులో ఇంజనీరింగు కళాశాల వెలసింది. గంధపు నూనె, సబ్బు తయారీ వంటి పరిశ్రమలు మొదలయ్యాయి. భద్రావతిలో ఇనుము కర్మాగారానికి ఏర్పాట్లు జరిగాయి.

ఉదయం నుండి రాత్రి వరకు ఆయన పనిచేసేవారు. తలపాగా, కోటు సరిచేసుకోకుండా ఎవరి ఎదుటకూ వచ్చేవారు కారు. చెప్పిన వేళకు ఒక్క నిమిషం ఆలస్యమైనా సహించేవారు కారు. అంకెలు లేని నివేదిక ఆయన ముందు పెట్టడానికి ఉద్యోగులు జంకేవారు. అలసత్వం అలవాటైన వారికి ఆయన దగ్గర పనిచేయడం కత్తిమీద సాములా ఉండేది. ఆయనతో చనువుగా మెలగడం కూడా సులభం కాదు. అయినా ఆయన తన కోసం ఏమీ కూడబెట్టుకోవడం లేదని, ఇతరులను అడిగిన శ్రమకంటే ఎక్కువ తానే చేస్తున్నారని అందరికీ తెలుసు. అందుచేత ఆ కఠినత్వాన్ని ఓర్చుకున్నారు. ఓర్చుకోవడమే కాదు, చాలామంది ఆ క్రమశిక్షణను తామూ అలవరచుకున్నారు.

ఇంతటి పరస్పర విశ్వాసం ఉన్నచోట కూడా ఒకనాడు భేదాభిప్రాయం వచ్చింది. ఆనాడు మైసూరు ప్రభుత్వోద్యోగాలలో బ్రాహ్మణులే అధిక సంఖ్యలో ఉండేవారు. తరతరాలుగా చదువుకు దూరంగా ఉంచబడిన ఇతర వర్గాలవారు తమకూ న్యాయమైన వాటా కావాలని 1917 నుండి గట్టిగా కోరసాగారు. వారి కోరికలో న్యాయం ఉన్నదని మహారాజు భావించారు. 1918లో సర్ లెస్లీ మిల్లర్ అధ్యక్షతన ఒక సంఘాన్ని నియమించారు.

విశ్వేశ్వరయ్య దృష్టి వేరు. ఉద్యోగానికి ప్రతిభ ఒక్కటే కొలమానం కావాలనీ, వెనుకబడిన వర్గాలకు విద్యావకాశాలు, విద్యార్థి వేతనాలు పెంచితే వారే క్రమంగా ముందుకు వస్తారనీ ఆయన నమ్మకం. తన బంధువులకే సిఫారసు చేయని మనిషి ఏ వర్గానికీ సిఫారసు ఉండరాదని అనుకోవడం ఆయన స్వభావానికి తగినట్లే ఉంది. అయితే పరుగుపందెంలో అందరూ ఒకే గీత దగ్గర నిలబడినప్పుడే ఒకే కొలత న్యాయమవుతుంది. కొందరి ఇండ్లలో తరాలుగా పుస్తకాలు ఉండగా, మరికొందరిని బడి గుమ్మం కూడా తొక్కనివ్వని కాలమది. విశ్వేశ్వరయ్య పేదరికం అనుభవించినవారే కాని, పండితుని ఇంట పుట్టినవారు. ఆ తేడా బరువును మహారాజు ఎక్కువగా గుర్తించారని చెప్పాలి. మిల్లర్ సంఘం 1919లో నివేదిక ఇచ్చింది. దాని ఆధారంగా 1921లో ప్రభుత్వం ఉత్తర్వులు జారీ చేసింది. మన దేశంలో వెనుకబడిన వర్గాలకు ఉద్యోగాలలో అవకాశం కల్పించిన తొలి ప్రయత్నాలలో అది ఒకటిగా చరిత్రలో నిలిచింది.

తాను నమ్మని విధానాన్ని దివానుగా ఉండి అమలు జరపడం విశ్వేశ్వరయ్యకు ఇష్టం లేదు. పదవి కోసం మౌనంగా ఉండడమూ, పదవిలో ఉంటూ రాజుకు అడ్డు తగలడమూ రెండూ తప్పే అని తలచారు. 1918 చివర పదవి నుండి తప్పుకున్నారు. రాజీనామా సమర్పించడానికి ప్రభుత్వ వాహనంలో వెళ్లి, తిరిగి వచ్చేటప్పుడు దానిని ఎక్కకుండా సొంత ఏర్పాటు చేసుకొని వచ్చారని చెప్పుకొంటారు. ఆయన స్థానంలో సర్దార్ కాంతరాజ అరసు దివానయ్యారు.

ఇక్కడ మనం గమనించవలసిన విషయం ఒకటి ఉంది. అభిప్రాయం కలవనప్పుడు రాజు దివానును అవమానించలేదు. దివాను రాజును బహిరంగంగా దూషించలేదు. అధికార బంధం తెగిపోయింది కాని గౌరవ బంధం తెగలేదు. అది తెగలేదనడానికి నిదర్శనం అయిదేళ్లకే కనిపించింది.

భద్రావతి ఇనుము కర్మాగారంలో 1923లో ఉత్పత్తి ఆరంభమైంది. ఆ సమయానికి ప్రపంచమంతటా ఇనుము ధర పడిపోయింది. కర్మాగారం నష్టాలలో కూరుకుపోయి, మూసివేయవలసిన దశకు వచ్చింది. దానిని ఎవరు నిలబెట్టగలరు? మైసూరు ప్రభుత్వం మళ్లీ విశ్వేశ్వరయ్యనే అడిగింది. దివాన్ పదవిలో ఉన్నవాడు ఒక కర్మాగారం పర్యవేక్షణకు రావడం చిన్నతనం అని ఆయన అనుకోలేదు. పాత భేదాన్ని మనస్సులో పెట్టుకోలేదు. కర్మాగారం పాలకమండలికి అధ్యక్షులై 1929 వరకు పనిచేశారు. అనవసరపు ఖర్చులు తగ్గించారు. స్థానిక యువకులకు శిక్షణ ఇప్పించి, బాధ్యతలు వారికి అప్పగించారు. కర్మాగారం నిలదొక్కుకుంది.

ఆ పనికి గాను ఆయనకు రావలసిన జీతం లక్ష రూపాయలకు పైగా నిలువ ఉండిపోయింది. ఆ సొమ్మును ఆయన ఇంటికి తీసుకొనిపోలేదు. యువకులకు వృత్తివిద్య నేర్పే సంస్థ స్థాపనకు వినియోగించమని కోరారు. దానికి తన పేరు పెట్టడానికి ఒప్పుకోలేదు. రాజకుటుంబానికి చెందిన జయచామరాజేంద్రుని పేరు పెట్టించారు. ఆ పేరుతో బెంగుళూరులో ఆ విద్యాసంస్థ ఏర్పడింది.

ఏ పదవీ లేని కాలంలోనే ఆయన మాటకు దేశమంతటా విలువ పెరిగింది. గ్రామ పరిశ్రమలే దేశానికి ఆధారమని నమ్మిన మహాత్మాగాంధీకీ, భారీ పరిశ్రమలు రావాలని వాదించిన విశ్వేశ్వరయ్యకూ అభిప్రాయభేదం ఉండేది. అయినా 1937లో ఒరిస్సాను వరదలు ముంచెత్తినప్పుడు, ఆ సమస్యను పరిశీలించమని గాంధీజీ కోరినది విశ్వేశ్వరయ్యనే. ఆయన వెళ్లి పరిశీలించి నివేదిక ఇచ్చారు. అభిప్రాయం కలవని వారు కూడా నమ్మి పని అప్పగించగలిగారంటే, వ్యక్తిత్వానికి అంతకంటే గొప్ప గుర్తింపు ఏముంటుంది? తొంబై ఏళ్లు దాటిన తరువాత కూడా గంగానది మీద మొకామా వద్ద కట్టదలచిన వంతెన విషయమై ఆయన సలహా తీసుకున్నారు.

1955లో భారత ప్రభుత్వం ఆయనకు భారతరత్న బిరుదు ప్రదానం చేసింది. ఈ బిరుదు ఇచ్చినందువల్ల ప్రభుత్వ విధానాలను తాను పొగుడుతానని ఆశించరాదని ఆయన ముందుగానే ప్రధానమంత్రి నెహ్రూకు తెలియజేశారని ప్రతీతి. నెహ్రూ కూడా అందుకు సంతోషంగా సమ్మతించారట. నూరేళ్లు నిండిన తరువాత, 1962 ఏప్రిల్ 14న విశ్వేశ్వరయ్య కన్నుమూశారు. ఆయన పార్థివదేహానికి పుట్టిన ఊరు ముద్దేనహళ్లిలోనే అంత్యక్రియలు జరిగాయి. ఆయన పుట్టినరోజైన సెప్టెంబరు 15ను మన దేశంలో ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుకొంటున్నాము.

విశ్వేశ్వరయ్య కట్టిన ఆనకట్టలు చూడడానికి జనం వెళ్తారు. కంటికి కనిపించని ఆనకట్ట మరొకటి ఆయన కట్టారు. అది నమ్మకంతో కట్టినది. పై అధికారి మందలించిన రోజున, రైతులు ఎదురు తిరిగిన రోజున, దివాను ఫైలు ఆపిన రోజున, రాజుతో అభిప్రాయం కలవని రోజున కూడా ఆయన అందులో ఒక్క రాయి కదలనివ్వలేదు. ఆయన అభిప్రాయాలన్నీ మనం అంగీకరించవలసిన అవసరం లేదు. ఆయన నడవడిని మాత్రం చదువుకొనే వయస్సులోనే అలవరచుకోవాలి. బడిలో తరగతి నాయకుడైనా, కర్మాగారంలో మేస్త్రీ అయినా, రాజ్యానికి దివానైనా నాయకత్వానికి మూలసూత్రం ఒకటే. చెప్పవలసినది ధైర్యంగా చెప్పాలి, చేయవలసినది శ్రద్ధగా చేయాలి, తప్పుకోవలసినప్పుడు గౌరవంగా తప్పుకోవాలి.

ఆలోచించండి – చెప్పండి

1. పాంజరా నది వద్ద పై అధికారి మందలించినప్పుడు విశ్వేశ్వరయ్య ఎలా ప్రవర్తించారు? మీరైతే ఏం చేసి ఉండేవారు?

2. దివాన్ పదవి స్వీకరించే ముందు ఆయన బంధువుల నుండి ఏమని మాట తీసుకున్నారు? ఎందుకు?

3. ఉద్యోగాల విషయంలో మహారాజు అభిప్రాయాన్నీ, విశ్వేశ్వరయ్య అభిప్రాయాన్నీ మీ సొంత మాటలలో వ్రాయండి. ఎవరి పక్షాన న్యాయం ఎక్కువగా ఉందో కారణాలతో తరగతిలో చర్చించండి.

4. అధికార బంధం తెగినా గౌరవ బంధం తెగలేదనడానికి పాఠంలోని నిదర్శనం ఏమిటి?

5. మీ ఊరిలోనో, మీ కుటుంబంలోనో పదవి లేకపోయినా పదిమంది మాట వినే పెద్దవారు ఎవరైనా ఉన్నారా? వారి గురించి పది వాక్యాలు వ్రాయండి.

6. మీకు తెలిసిన తెలుగు ఇంటిపేర్లలో ఊరి పేర్ల నుండి వచ్చినవాటిని సేకరించి పట్టిక తయారు చేయండి.